ఎడమ చెవి గంటు

ప్రియదర్శిని కట్టిన ఊళ్లో ఒక్క ఇంటికీ తలుపు లేదు.

శనివారం సాయంత్రం వరకు ఉన్నాయి. సోమవారం పొద్దున పదిన్నరకు, సరిగ్గా హైదరాబాద్ క్లయింట్లు వీడియో కాల్‌లోకి వచ్చే వేళకు, తలుపులూ కిటికీలూ అన్నీ మాయమయ్యాయి. బావి పూడిపోయింది. కుండల మూతులు మూసుకుపోయాయి. ఎడ్లబండి చక్రాల్లో కొయ్య ఆకుల మధ్య సందులు నిండిపోయి, చక్రాలు రెండూ జొన్నరొట్టెల్లా తయారయ్యాయి.

"ఊరు బాగుంది చంద్రకాంత్ గారూ. మరి జనం ఇళ్లలోకి ఎలా వెళ్తారు?" అని అడిగాడు అవతలి పెద్దమనిషి.

చంద్రకాంత్ సార్ నవ్వబోయి, దగ్గి, "నెట్ ప్రాబ్లం సార్, జర సేపట్ల మళ్ల చేస్త" అని కాల్ కట్ చేశాడు.

వికారాబాద్ స్టేషన్ రోడ్డులో, ఒక సెల్‌ఫోన్ షాపు పైన నడిచే స్టూడియో అది. మూడు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు, అందులో ఒకదానికి చెయ్యి లేదు. చిన్నపిల్లల పాఠాల యాప్‌కు కావలసిన ఇళ్లు, బండ్లు, కోళ్లు, మేకలు అక్కడ కంప్యూటర్‌లో తయారవుతాయి. ఏ వైపు నుంచైనా తిప్పి చూసుకోవచ్చు. ప్రియదర్శిని చేరి వారమే అయింది. రోజూ తాండూరు నుంచి ప్యాసింజర్ రైల్లో వస్తుంది. ఆ వారమంతా సెలవులో ఉన్న నవీన్‌కుమార్‌ను ఆమె అంతకు ముందు చూడలేదు. చూడటం ఇలా జరిగింది.

"నా ఫైల్ ఎవరు ముట్టుకున్నరు?" అంది, కుర్చీ చర్రున వెనక్కి జరిపి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నవీన్. తనే చెయ్యెత్తాడు. "నేనే. పొద్దుగాల తెరిస్తే అంత గత్తర గత్తర ఉండె. ఎక్కడ చూసినా దాసిపెట్టిన డబ్బాలు, గొట్టాలు. రెండు వందల పైన. సాఫ్ చేసి సేవ్ చేసిన."

"అవి గత్తర కాదు. నా తలుపులు."

"తలుపులా?"

"గోడకు తలుపు ఎట్ల వస్తదనుకున్నవ్?"

ఆమె పని తీరు అది. దేన్నయినా డబ్బా, గొట్టం, బంతి, ఈ మూడింటితోనే మొదలుపెడుతుంది. గోడకు తలుపు కావాలంటే గోడలోకి ఒక డబ్బాను దూర్చి, ఆ డబ్బా ఉన్నంత మేర గోడను కోసెయ్యమని కంప్యూటర్‌కు చెబుతుంది. దాన్ని బూలియన్ అంటారు. కోసిన డబ్బా కంటికి కనబడకుండా దాచాలి గానీ పారెయ్యకూడదు. పారేస్తే కోత కూడా దానితోనే పోతుంది, గోడ మళ్లీ గోడవుతుంది. పాపం, మనవాడు చేసింది అదే.

ఇంత విన్నాక ఎవరైనా సారీ చెబుతారు. నవీన్‌కు నాలుక ఊరుకోదు, వడ్రంగిని మధ్యలోకి లాగాడు. "అంటే మీ తాండూరుల తలుపు వెట్టినంక వడ్లాయనను గూడ గోడల్నే దాస్తరా?"

"మరి మీ ఊర్ల తలుపు వెట్టినంక వడ్లాయనను తీస్కపోయి బాయిల వడేస్తరా?"

చంద్రకాంత్ సార్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఉన్న బ్యాకప్ గురువారం నాటిది. అంటే రెండు రోజుల పని మట్టిలో కలిసినట్టే. "ఎవరు పూడ్చిన్రో వాళ్లే తవ్వాలె. నవీన్, చెయ్యి లేని కుర్చీ తీస్కపోయి ఆమె పక్కకు కూసో. చెప్పినట్టు చెయ్యి" అని తీర్పు చెప్పేశాడు.

అలా నవీన్‌కుమార్ శిక్ష మొదలైంది. ఇంత తియ్యటి శిక్ష వికారాబాద్ జిల్లాలో ఇంకెవరికీ పడి ఉండదని అతనికి మూడో రోజుకు గాని తెలియలేదు.

*

నవీన్ పద్ధతి వేరు. అతను బంట్వారం పిల్లవాడు, ఇంట్లో గొర్లు ఉన్నవాడు. గొర్రెను చెయ్యమంటే ఒంటి మీది ఉన్ని రింగు రింగునా దిద్దుతాడు. నాలుగు రోజులు కూర్చుని చేసిన అతని గొర్రెను చూస్తే చెయ్యి పెట్టి నిమరాలనిపిస్తుంది. తీరా దాన్ని యాప్‌లో పెడితే మామూలు ఫోన్లన్నీ బిగుసుకుపోయాయి.

ప్రియదర్శిని దాన్ని పక్కన పెట్టింది. ఒక బంతి తీసుకుంది. అడుగున ఒక డబ్బా దూర్చి కడుపు చదునుగా కోసింది. నాలుగు గొట్టాలు కాళ్లయ్యాయి. ఇంకో చిన్న బంతిని అణిచి, రెండు ముక్కలు కోసి, చెవులు పెట్టింది. మొహం వైపు మరో బంతిని సగం దూర్చి కోసేస్తే నోరు తెరుచుకుంది. టీ చల్లారకముందే గొర్రె నిలబడింది.

"గిది గొర్రెనా? కాళ్లొచ్చిన లడ్డు" అన్నాడు నవీన్.

"పిల్లలను అడుగుదాం."

"పిల్లలెందుకు, కింద మా తమ్ముడున్నడు. పుట్టిన కాన్నుంచి గొర్లల్ల పెరిగిండు. వాడే చెప్తడు."

కింద సెల్‌ఫోన్ షాపు మల్లేశ్‌ది. నవీన్‌కు చిన్నాయన కొడుకు. మెడలో రెండు గొలుసులు, నోట్లో ఎప్పుడూ ఒక జోకు. పిలవగానే రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు.

"గిదేంది చెప్పు" అంది ప్రియదర్శిని స్క్రీన్ చూపించి.

"గొర్రె" అన్నాడు మల్లేశ్, ఇంత మాత్రానికి నన్ను పిలిచారా అన్నట్టు. "నవ్వుతున్నది గూడ. మస్తుంది. అన్నా, నువ్వు చేసినవా?"

నవీన్ మొహం చూసి ప్రియదర్శిని నవ్వింది. ఆ నవ్వులో ఓడించిన గర్వం లేదు. అదే అతని కొంప ముంచింది.

ఆ తర్వాత రోజులు ఎలా నడిచాయంటే, తొమ్మిదింటికి రైలు కూత వినబడితే నవీన్ తల దువ్వుకునేవాడు. ఇద్దరూ కలిసి తలుపులు కోశారు, కిటికీలు కోశారు, బావిని మళ్లీ తవ్వారు. "పెట్టుడు కాదు, తీసుడు నేర్చుకో" అనేది ఆమె. "ఎంత తీసినా ఇంక గొర్రె లెక్కనే కనబడాలె. గక్కడ ఆగాలె." మొదట్లో అతనికి ప్రాణం మీదికి వచ్చేది. పదిహేను రోజులు గడిచేసరికి తన చేతులతోనే ఒక కోడిని ఏడు ముక్కల్లో లేపాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పర్వాలే, కూస్తది" అంది. ఆ ఒక్క మాటకు అతను ఆ రోజు బస్సు దిగాల్సిన చోట దిగకుండా రెండు స్టాపులు ముందుకు పోయాడు.

ఆషాఢం ముసురు పట్టింది. అనంతగిరి మీద నుంచి దిగిన వాన స్టేషన్ రోడ్డును కడుగుతుంటే, ఒక మధ్యాహ్నం ఇద్దరూ మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఆమె కళ్లజోడు మీద జల్లు పడుతోంది. చున్నీతో తుడుచుకోవడం, మళ్లీ పడటం, మళ్లీ తుడుచుకోవడం. నవీన్ వానను చూస్తున్నట్టు నటిస్తూ ఆ తుడుచుకోవడాన్నే చూస్తున్నాడు.

"నాకొకటి సమజ్ కాదు. ఊర్లోళ్ల గొర్లన్ని ఒక్క తాన మేస్తయి గద. ఎవరివి ఏవో ఎట్ల తెలుస్తది?" అని అడిగింది.

"చెవి గంటు. ఇంటికొక్క గంటు ఉంటది. పిల్లగున్నప్పుడే చెవి కొసకు జరంత కోసి పసుపద్దుతరు. మాది ఎడమ చెవికి, గిట్ల" అని గాల్లో వేలితో రెండు గీతలు కలిపి చూపించాడు. "మల్లేశ్ వాళ్లది గదే గంటు, కుడి చెవికి. మా తాత మంద పంచినప్పుడు పెద్దకొడుక్కు ఎడమ, చిన్నకొడుక్కు కుడి ఇచ్చిండు."

"తప్పిపోతే?"

"ఏ ఊర్ల దొరికినా, ఎవరి మందల కలిసినా, మా గంటు ఉంటే మా ఇంటికే రావాలె. దాని మీద పంచాయితీ లేదు."

ఆమె టీ తాగడం మరిచిపోయి విన్నది. "అంటే జరంత తీసేస్తె మీదైతది."

"అవ్."

"మంచిగుంది" అంది, వాన వైపు చూస్తూ. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. నవీన్‌కు ఒక మాట అనాలని ఉంది. ఆమె అంటే తనకు ప్రాణమని, రైలు లేటయిన రోజు ఊపిరాడదని చెప్పాలని ఉంది. క్లయింట్లతో, మల్లేశ్‌తో, చంద్రకాంత్ సార్‌తో కూడా వాదనకు దిగే ఆ నోరు అక్కడికొచ్చేసరికి మూగనోము పట్టింది.

*

ఊరు చూసిన వాళ్లందరికీ నచ్చింది. ఎంత నచ్చిందంటే, బెంగళూరులో ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి ప్రియదర్శినిని పిలిచి ఉద్యోగం ఇచ్చింది. మంగళవారం చేరాలి. సోమవారం సాయంత్రం తాండూరులో రైలు.

గురువారం ఆ సంగతి చెబుతూ ఆమె చంద్రకాంత్ సార్ వైపు చూడలేదు, నవీన్ వైపు చూసింది. అతను, "మంచిదే గద" అన్నాడు. మంచిదే. కానీ అన్నది మనిషి కాదు, గొంతు మాత్రమే.

ఇంక నాలుగు రోజులు. సోమవారంలోగా చెప్పకపోతే రైలు ఆమెను తీసుకుని పోతుంది, తన మాట తన దగ్గరే మిగిలిపోతుంది. ఆ లెక్క అతనికి బాగానే తెలుసు.

శుక్రవారం సాయంత్రం ఆమె బ్యాగు సర్దుకుంటూ, "మందల ముంగటుండే పెద్ద గొర్రెను ఇయ్యాల పూర్తి చేసిన. జర మంచిగ చూడు" అంది.

"ఎందుకు?"

"చూడమంటున్న గద. చూసి ఏమనిపిస్తే గది చెప్పు." బుగ్గలు ఎర్రబడ్డాయి. జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

నవీన్ ఫైల్ తెరిచాడు. గొర్రె మంద ముందు నిలబడి నవ్వుతోంది. చెవి కొసకు గంటు ఉంది. తను గాల్లో గీసి చూపించిన గంటే, అచ్చం అదే. దగ్గరికి జరిపి, చుట్టూ తిప్పి చూశాడు.

కుడి చెవికి ఉంది.

మళ్లీ తిప్పాడు. గొర్రె వెనక్కి వెళ్లి చూశాడు. ఏం తిప్పినా గొర్రె కుడి చెవి కుడి చెవే.

కిందికి చూస్తే ప్రియదర్శిని మల్లేశ్ షాపు ముందు నిలబడి ఉంది. వాడేదో అన్నాడు, ఆమె పగలబడి నవ్వింది. ఇంకేం కావాలి సాక్ష్యం? కుడి చెవి గంటు ఎవరిదో చెప్పింది తనే. ఏ ఇంటికి పోవాలనుందో ఆమె అంత అందంగా చెప్పింది. మధ్యలో తను పానకంలో పుడక.

శనివారం ఆఖరి రోజు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆమె అతని దగ్గరికి వచ్చింది.

"చూసినవా?"

"చూసిన."

"ఏమంటవ్?"

"ఏమంట. సంతోషం. మంచిగుండాలె మీరు" అన్నాడు. మల్లేశ్ పేరు ఎత్తడానికి నోరు రాలేదు. మీరిద్దరూ అని అతని ఉద్దేశం. నువ్వు నుంచి మీరుకు మార్చి దూరం పెడుతున్నాడని ఆమెకు అర్థమైంది.

"గంతేనా?"

"గంతే."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ రోజు గదిలో జల్లు ఏమీ పడలేదు. "సరే సార్" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

బయట కుండపోత. ఆమె గొడుగు లేకుండానే స్టేషన్ వైపు నడిచింది. నవీన్ గొడుగు గోడకు వేలాడుతూనే ఉంది. కింద నుంచి మల్లేశ్ గొడుగు పట్టుకుని ఆమె వెంట పరుగెత్తాడు. నవీన్ కిటికీ మూసేశాడు.

*

ఆదివారం బంట్వారంలో నవీన్ తల్లి బీరమ్మ కొత్త గొర్రెపిల్లలకు గంట్లు పెడుతోంది. తండ్రి అంజిలయ్య మందను తోలుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. నవీన్ దొడ్డి గోడ మీద కూర్చుని, పసుపు గిన్నె పట్టుకుని, మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"ఏందిరా, మొకం గట్ల వెట్టినవ్? పిల్లలకు గంటు వెడ్తుంటే నీకు నొప్పి లేసినట్టు."

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటే రెండు రొట్టెలకు ఒక్క రొట్టె ఎందుకు తిన్నవ్?"

తల్లి దగ్గర ఏదీ దాగదు. రొట్టెల లెక్కతో మొదలుపెట్టి అరగంటలో మొత్తం లాగేసింది. చివరికి నవీన్ ఫోన్‌లో గొర్రె బొమ్మ చూపించాడు.

బీరమ్మ ఫోన్‌ను చేతికి దూరంగా పట్టుకుని చూసి మురిసిపోయింది. "ఓయమ్మ, ఎంత సక్కగుంది. మల్లేశ్‌గాల్లది."

"అవ్. వాళ్లదే" అన్నాడు, పుండు మీద కారం పడినట్టయి.

"గా పిల్ల ఎన్నడన్న గొర్రెను వట్టిందా?"

"లేదు. వాళ్ల నాయిన తాండూరుల బండల మిషన్ మీద పని చేస్తడు. గొర్రెను ముట్టి గూడ ఎరుగదు."

"మరి బొమ్మ చేసేటప్పుడు యాడ కూసుంటది? గొర్రెకు ఎన్కనా, ముంగటనా?"

అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. ప్రియదర్శిని ఎప్పుడూ బొమ్మ మొహం తన మొహానికి ఎదురుగా పెట్టుకునే పని చేస్తుంది. పిల్లలకు మొహమే కనబడాలని ఆమె రూలు. "ముంగట" అన్నాడు.

బీరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నేను గీ ఇంటికొచ్చిన కొత్తల, మీ తాత కత్తి నా చేతికిచ్చి ఎడమ చెవికి గంటు వెట్టమన్నడు. మా అవ్వగారింట్ల గొర్లు లెవ్వాయె, నాకేం తెల్సు. పిల్లను ముంగట నిలవెట్టి, నా ఎడమ చెయ్యి దిక్కున్న చెవికి వెట్టిన. ఒకటి గాదు, మూడింటికి. పొద్దుమీకి మంద ఇడదీసేటప్పుడు మూడూ మీ చిన్నాయన దొడ్లకు వొయినయి. గంటు వాళ్లదాయె, ఏమనాలె?"

మోకాళ్ల మధ్య ఉన్న పిల్లను సర్దుకుని చూపించింది. "మనం ఎన్క కూసొని పడ్తం. మన ఎడమ, దాని ఎడమ ఒక్కటే. ఎదురుగ కూసున్నోళ్లకు?"

నవీన్ తల్లికి ఎదురుగా నిలబడి తన ఎడమ చెయ్యి ఎత్తాడు. అది సరిగ్గా ఆమె కుడి చెవి వైపుకు వచ్చింది. చేతిలోని పసుపు గిన్నె కింద పడింది.

"అమ్మా."

"అమ్మ లేదు గిమ్మ లేదు. నేనయితే మూడు పిల్లలను మీ చిన్నాయనకిచ్చి ఊకున్న. నువ్వు ఇయ్యకు."

ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. మళ్లీ చేశాడు, కట్ చేసింది. మూడోసారి స్విచాఫ్. అప్పుడు మల్లేశ్‌కు చేశాడు.

"నాకా?" అన్నాడు మల్లేశ్ అంతా విని. "అన్నా, నిన్న నేనెందుకు ఉరికిన్నో తెల్సా? నువ్వు గొడుగు తీస్కొని దిగుతవని జరసేపు చూసిన. దిగకపోతివి. స్టేషన్ దాక ఆమె ఒక్కటే మాటన్నది, మీ అన్నకు కండ్లు కనబడ్తలెవ్వని. నేను కళ్లజోడు పెట్టిస్త అన్న."

"నీ బండి కావాలె రేపు."

"పొద్దుగాల తెచ్చిస్త. పెట్రోల్ గూడ నేనే పోయిస్త. పోయి జల్ది మాట్లాడు."

బయలుదేరేటప్పుడు నవీన్ ఒక్క క్షణం ఆగాడు. "అమ్మా, వాళ్లు చర్చికి పోయేటోళ్లు."

"పోనియ్యి. నాకు అడ్డమేంది? నన్ను మాత్రం ఆదివారం రమ్మనద్దు. గొర్లకు ఆదివారం లేదు" అంది బీరమ్మ.

*

సోమవారం వానకు దారిలో ఆగి ఆగి తాండూరు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. రోడ్డుకు అటూ ఇటూ కంది చేలు, చేల మధ్యలో పేర్చిన బండల దొంతరలు. అడ్రస్ పట్టుకుని ఇంటికి వెళితే ప్రియదర్శిని తల్లి సంతోషమ్మ తలుపు తీసింది. వెనక గదిలో సూట్‌కేసు సర్ది ఉంది.

"వాళ్ల నాయినకు సద్ది తీస్కపోయింది, పాలిషింగ్ యూనిట్‌కు. నువ్వెవరు నాయినా?"

"వికారాబాద్ ఆఫీసుల పని చేస్త."

సంతోషమ్మ పై నుంచి కింది దాకా చూసింది. "గొర్ల పిల్లగానివా? జల్ది పో. మూడు దినాల సంది అన్నం సరిగ్గ తింటలేదు" అంది. ఆ మాటకు నవీన్‌కు సగం ప్రాణం లేచి వచ్చింది.

యూనిట్‌లో మిషన్ల హోరుకు చెవులు చిల్లులు పడుతున్నాయి. నీళ్లు చిమ్ముతున్నాయి, బండల మీద నుంచి తెల్లటి బురద కారుతోంది. పది పన్నెండు మంది పనిలో ఉన్నారు. ప్రియదర్శిని సద్దిగిన్నె పట్టుకుని ఒక వారగా నిలబడి ఉంది. నవీన్‌ను చూసి ముందు ఉలిక్కిపడింది, తర్వాత మొహం తిప్పుకుంది. అతను బురదలో అడుగులు వేసుకుంటూ దగ్గరికి వెళ్లాడు.

"నువ్వు ఎడమ అనుకొని కుడి కోసినవ్" అని అరిచాడు.

"ఏంది?"

"గొర్రె చెవి. అది మల్లేశ్ వాళ్లది."

"మల్లేశా? మల్లేశ్‌కేమైంది?"

"మల్లేశ్‌కేం కాలే. నేను మల్లేశ్ అనుకున్న."

"నువ్వు మల్లేశ్ ఏంది?"

ఇలా లాభం లేదు. చెప్పాల్సింది చెవుల గురించి కాదు, ఇన్నాళ్లూ నోటి చివర ఆగిపోయినది. ఊపిరి బిగబట్టి, ఒంట్లో ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని, "నువ్వంటే నాకు మస్తు ఇష్టం ప్రియా, చెప్పనీకి భయమై ఊకున్న" అని అరిచాడు.

కరెంటు పోయింది.

సరిగ్గా "ప్రియా" దగ్గర మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. "చెప్పనీకి భయమై ఊకున్న" అన్నది మాత్రం రేకుల షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా మోగింది. బండ మోస్తున్న ఇద్దరు ఉన్నచోటే ఆగారు. మూల మిషన్ దగ్గర నెరిసిన మీసాలాయన మెల్లగా తల తిప్పాడు. ఆయనే ఏసుదాసు, ప్రియదర్శిని తండ్రి.

ప్రియదర్శినికి భూమి చీలితే బాగుండనిపించింది. అయినా కదల్లేదు. "మరి శనివారం మంచిగుండాలె అన్నవ్" అంది, నెమ్మదిగా.

"కుడి చెవి చూసి మల్లేశ్ అనుకున్న. నువ్వు ఎదురుగ కూసొని చేసినవని నిన్న మా అమ్మ చెప్పింది."

ఆమె ఒక్క నిమిషం ఆలోచించింది. చెయ్యి ఎత్తి, తన ఎడమ ఎటుందో, ఎదురుగా నిలబడిన అతని ఎడమ ఎటుందో చూసుకుంది. నాలుక కరుచుకుంది. తర్వాత మళ్లీ మొహం గంభీరంగా పెట్టింది.

"మీ అమ్మ చెప్పకపోతే వస్తుంటివా?"

వస్తుంటినని అనడం ఎంత సులువు. షెడ్డులో అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. నవీన్ తల దించుకున్నాడు. "రాకపోతుంటి. మూలకు కూసొని ఏడుస్తుంటి."

ఎవరో చప్పరించారు. ప్రియదర్శిని మాత్రం మూడు రోజుల తర్వాత నవ్వింది. "వస్తుంటి అంటే గిప్పుడే ఎల్లగొడుతుంటి. నీ సంగతి నాకు తెల్వదా." ఒక అడుగు దగ్గరికి జరిగింది. "నాకు గూడ ఇష్టమే. లేకుంటే మీ ఇంటి గంటు నాకెందుకు? కానీ బెంగళూరుకు పోతున్న నేను. సాయంత్రం రైలుకు."

"పో. ఆపనీకి రాలే. తెల్వకుంట పోతవని వచ్చిన."

ఈలోపు ఏసుదాసు డ్రమ్ములో నీళ్లతో చేతులు కడుక్కుని వచ్చాడు. పొడుగాటి మనిషి, మాట పొదుపు. కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు.

"ఎవరి పిల్లగానివి?"

"బంట్వారం అంజిలయ్య కొడుకును. గొర్లోళ్లం."

"మేము చర్చికి పోతం. మీ ఇంట్ల తెల్సా?"

"తెల్సు. మా అమ్మ పోనియ్యమన్నది. ఆమెను మాత్రం ఆదివారం రమ్మనద్దట, గొర్లకు సెలవు లేదట."

ఏసుదాసు మీసం కొంచెం కదిలింది. అది నవ్వో కాదో ఆయన్ను ఇరవై ఏళ్లుగా ఎరిగిన పనివాళ్లకు కూడా తెలియలేదు. "నా బిడ్డకు కోపమొస్తే నాలుగు దినాలు మాట్లాడది. నీకొస్తే?"

"నేను గూడ మాట్లాడ" అన్నాడు నవీన్, నిజం చెప్పే అలవాటు అప్పుడే వదలక.

"మరి ఇద్దరు మూతులు ముడుసుకొని కూసుంటే ఇంట్ల ఎవరు మాట్లాడాలె?"

నవీన్ ఆలోచించాడు. "మా అమ్మ మాట్లాడ్తది."

షెడ్డంతా గొల్లుమంది. ప్రియదర్శిని రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏసుదాసు నవ్వలేదు. కూతురి చేతిలో నుంచి సద్దిగిన్నె తీసుకుని, పాలిష్ పట్టిన బండ ఒకటి చేత్తో తుడిచి, దాని మీద పెట్టాడు. జొన్నరొట్టెలు మూడు, కందిపప్పు, ఒక ఉల్లిగడ్డ. ఒకటిన్నర రొట్టె విరిచి, పప్పు వేసి, నవీన్ ముందుకు జరిపాడు.

"కూసో. తిను. పొద్దటి సంది ఏం తినలేనట్టున్నవ్."

నవీన్ కూర్చున్నాడు. తినడం మొదలుపెట్టగానే జేబులో ఫోన్ మోగింది. కరెంటు లేని ఆ షెడ్డులో బీరమ్మ గొంతు స్పీకర్ పెట్టకుండానే అందరికీ వినబడింది.

"ఏమాయెరా? కలిసినవా?"

"కలిసిన."

"తిన్నవా?"

"తింటున్న. వాళ్ల నాయిన పెట్టిండు. ఆయన సద్దిల నుంచి."

అవతల కాసేపు చప్పుడు లేదు. బీరమ్మ అంతసేపు మాట్లాడకుండా ఉండటం నవీన్ పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. "ఆకలైన మనిషి తన గిన్నెలది తీసి పెట్టిండంటే ఇంక నేను అడగాల్సింది ఏముందిరా" అంది చివరికి. "ఫోన్ ఆ పిల్లకియ్యి."

నవీన్ ఫోన్ చాచాడు. ప్రియదర్శిని అందుకుని చెవి దగ్గర పెట్టుకుంది. ఏమని పిలవాలో తెలియక అతని వైపు చూసింది. అతనికీ తెలియలేదు. అప్పుడు తండ్రి వైపు చూసింది. ఏసుదాసు రొట్టె తుంచుతూ, తలెత్తకుండానే చిన్నగా తల ఊపాడు.

"చెప్పండి అత్తమ్మా" అంది.

ఏసుదాసు రొట్టె పక్కన పెట్టి లేచాడు. కరెంటు ఇంకా రాలేదు. అయినా మిషన్ దగ్గరికి వెళ్లి, వాళ్లకు వీపు తిప్పి నిలబడి, చాలాసేపు స్విచ్ వేస్తూ తీస్తూ ఉండిపోయాడు.